మబ్బని కొట్టేసిన చుక్కలు

గోడలో దెబ్బ వినపడుతోందని మా నాయిన మొదటిసారి చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పాశమైలారంలో మా ఇల్లు ఊరి చివర, ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీ పక్కనే ఉంది. మా వెనక గోడకూ ఆ ప్రహరీకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. ప్రహరీ అవతల ఇనుప స్తంభాల మీద ఆవిరి గొట్టం పోతుంది. నాయిన ముప్పై ఏళ్ళు బాయిలర్ ఆపరేటర్‌గా చేసి అందులోనే రిటైర్ అయ్యాడు. ఇప్పుడు అదే బాయిలర్ దగ్గర మా తమ్ముడు పని చేస్తున్నాడు.

రిటైర్ అయ్యాక నాయిన పొద్దస్తమానం వెనక వరండాలో ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చాయ్ తాగుతుండగా గ్లాసు కింద పెట్టి, "లైన్ల నీళ్ళున్నయ్. కొడుతుంది," అన్నాడు.

"ఏం కొడుతుంది నాయినా?"

"దెబ్బ. గోడల నుంచి వచ్చి ఈపుల తగిలింది. నీకు ఇనవడలేదా?"

నాకు ఫ్యాక్టరీ కంప్రెసర్ రొద తప్ప ఏమీ వినపడలేదు. "నువ్వింకా డ్యూటీ దిగలేదు నాయినా," అని నవ్వాను.

ఆ పని తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. ఆవిరి గొట్టంలో వేడి తగ్గినచోట నీళ్ళు చేరతాయి. వెనక నుంచి ఆవిరి తోసుకొస్తే ఆ నీళ్ళు ముద్దలా ఎగిరిపోయి, వంపు దగ్గర ఇనుముకు ధడ్‌మని కొట్టుకుంటాయి. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి తగ్గుతూ వస్తే మాత్రం గొట్టం పగులుతుంది, పక్కనున్నవాడు నిలువునా ఉడికిపోతాడు. అందుకని నాయిన తరం ఆపరేటర్లకు ఒక పద్ధతి ఉండేది. దెబ్బ విన్నవాడు, వెల్డర్లు ఇనుము మీద గీసుకునే బలపపు రాయితో, దగ్గర్లో ఏ గోడ ఉంటే ఆ గోడ మీద గీత గీసి, పక్కన తారీఖూ టైమూ వేయాలి. తర్వాతి షిఫ్టువాడు వచ్చి ఆ గీతలు చూసుకోవాలి. ఎడం తగ్గుతుంటే ఇంజనీరును అడగక్కర్లేదు, మేనేజరును అడగక్కర్లేదు, వాల్వు కట్టేయడమే.

ఆ రోజు మా వరండా గోడ మీద మొదటి గీత పడింది.

తమ్ముడికి నాయిన మాటంటే భక్తి. మర్నాడే గొట్టం పొడుగునా నీళ్ళు వదిలే వాల్వులన్నీ విప్పి చూశాడు. పొడి ఆవిరి తప్ప ఏమీ రాలేదు. "చుక్క నీళ్ళు లేవు నాయినా, లైన్ మంచిగనే ఉన్నది," అన్నాడు. వారం దాటిందో లేదో ఇంకో గీత పడింది. తమ్ముడు మళ్ళీ చూశాడు. మళ్ళీ పొడే.

"ఇంకోపారి సూడు," అన్నాడు నాయిన. "గాడ నిలవడేది నువ్వురా, నేను గాదు."

అలా ఇంట్లో రెండే దారులు మిగిలాయి. నాయిన మాట నిజమైతే ఏదో ఒకరోజు ఆ గొట్టం మా తమ్ముడి మొహం మీద పగులుతుంది. అబద్ధమైతే నాయినకు మతి చలిస్తోంది. రెండోదాన్ని నమ్మడం మాకు తేలికైంది. చదువుకున్నదాన్ని కాబట్టి అందరికంటే ముందు నేనే నమ్మాను.

అమ్మకు ఒక నియమం ఉంది. ఆదివారం దేవుని దినం గనక శనివారం సాయంత్రానికి ఇల్లు అద్దంలా ఉండాలి. గచ్చు కడిగి, కిటికీలు దులిపి, తడిబట్టతో వరండా గోడ మీద గీతలన్నీ తుడిచేసేది. సోమవారమో మంగళవారమో నాయిన మళ్ళీ గీసేవాడు. "బుగులైతుంది బిడ్డా, గా గీతలను చూస్తే," అని భయపడుతూ నాతో అనేది. అందుకే ఆ గోడ మీద ఎప్పుడు చూసినా ఆ వారం గీతలే ఉండేవి. వాటిని చూసి ఎవరికీ ఏమీ తోచదు.

పక్క గదిలో బీహార్ కుర్రవాళ్ళు ముగ్గురు కిరాయికి ఉండేవాళ్ళు. నాయిన వాళ్ళలో ఒకణ్ణి పిలిచి గోడకు చెవి పెట్టించాడు. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని కాబోలు వాడు, "హా చాచా, సునాయీ దేతా హై," అని వినపడుతున్నట్టే తలూపాడు. అన్నాక తనకే భయం పట్టుకుంది. పదిహేను రోజుల్లో ముగ్గురూ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో ఏదో తిరుగుతోందని వీధిలో పుకారు పుట్టింది. చర్చి నుంచి పాస్టరుగారు వచ్చి నాలుగు మూలలా ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలో నాయిన కళ్ళు తెరిచి టైము చూసుకున్నాడు. ఆమెన్ అనగానే లేచి వెళ్ళి గీత గీశాడు. పాస్టరుగారి మొహంలో రంగు మారడం నేను చూశాను.

పటాన్‌చెరులో డాక్టరుకు చూపించాం. బాయిలర్ రొదలో ముప్పై ఏళ్ళు పనిచేసిన చెవులు, పైగా వయసు, నిద్ర సరిగ్గా లేదు అన్నాడాయన. రాత్రికి ఒక మాత్ర రాశాడు. దెబ్బ తర్వాత కళ్ళకు జెర చీకట్లు వస్తున్నాయని నాయిన చెప్పాడు. పొద్దున ఏమీ తినడు గదా, అందుకే అంది అమ్మ. డాక్టరు కూడా తల ఊపాడు.

ఆ రోజుల్లో నేను కందిలో హైవే పక్కన ఉన్న పెద్ద క్యాంపస్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేసేదాన్ని. నా పని నక్షత్రాలను కొలవడం. ఫ్యాక్టరీ దీపాల మధ్య మా ఆకాశంలో ఏముంది కనక చూడ్డానికి? టెలిస్కోపు ఎక్కడో ఉత్తరాన కొండ మీద ఉంటుంది. రాత్రి అది తీసిన ఫొటోలు తెల్లారేసరికి మా కంప్యూటర్లలోకి వస్తాయి. నేను డబ్బా మూత తీసి, ఉప్మా తింటూ, పట్టపగలు చుక్కలు చూసేదాన్ని.

ఆ ఏడాది మాకు ఒక సూపర్‌నోవా దొరికింది. బరువైన నక్షత్రం బతుకు చివర పేలిపోయి, కొన్ని వారాలపాటు తానున్న గెలాక్సీ మొత్తంతో పోటీపడి వెలగడమే సూపర్‌నోవా. మాది మామూలుది కాదు, అలాంటివి పదుల కొద్దీ కలిపితే వచ్చేంత వెలుగు. దాని వెలుతురు మమ్మల్ని చేరడానికి వంద కోట్ల ఏళ్ళకు పైగా పట్టింది. నేను కొలుస్తున్నది ఎప్పుడో చచ్చిపోయినదాని మంటను. చచ్చినది నా చేతి కింద రోజురోజుకీ ప్రకాశం పెంచుకుంటుంటే, ఏసీ గదిలో వీపు వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు ఉండేది.

మామూలు సూపర్‌నోవాకు ఇంధనం పేలుడులో పుట్టిన ఒక రకం నికెల్. అది మెల్లగా విరిగి కోబాల్టుగా, ఆ తర్వాత ఇనుముగా మారుతూ వేడినిస్తుంది. అది తరిగేకొద్దీ వెలుగు కూడా ఒక లెక్క ప్రకారం తగ్గిపోతుంది. మా దాని వెలుగుకు సరిపడా నికెల్ కావాలంటే మొత్తం నక్షత్రమంతా నికెల్ అయినా చాలదు. మరి దేంతో మండుతోంది?

నేను ఇంట్లో చెప్పుకునే కబుర్లలో ఇదొకటి. రాత్రి మాత్ర వేసుకుని మగతగా ఉన్న నాయినకు అన్నం పెడుతూ చెప్పాను.

"బొగ్గు అయిపోయినంక గూడ ఆవిరి తగ్గలేదంటే, లోపల ఇంకేదో రాజేస్తున్నట్టే గదా బిడ్డా," అన్నాడు.

"లోపలేముంటది నాయినా, పేలిపోయినంక?"

"పేలిపోయినంక మిగిలింది ఉంటది." ఆ మాట అని ముద్ద నోట్లో పెట్టుకుని, గోడవైపు తల తిప్పి ఆగిపోయాడు. "ఇగో."

నేను పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

రోజూ కొలిచిన వెలుగును గ్రాఫు మీద చుక్కగా పెట్టడం, చుక్కలన్నింటినీ కలిపి గీత గీయడం నా పని. శిఖరానికి ఎక్కి, ఆ తర్వాత నున్నగా దిగే గీత రావాలి. నాది నున్నగా రాలేదు. దిగుతూ దిగుతూ ఒకచోట ఉబ్బింది. తర్వాత సన్నగిలి, మళ్ళీ ఉబ్బింది. కొండ మీద వాతావరణం బాగుండి ఉండదనుకున్నాను. పద్ధతికి రాని చుక్కలన్నిటి పక్కన 'మబ్బు' అని రాసి కొట్టేశాను. శనివారం నాటి మా వరండా గోడలా శుభ్రమైన గీత వచ్చింది. దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా.

మా ప్రాజెక్టు చూసే మేడం కోపిష్ఠి కాదు. కోపిష్ఠి అయితే బాగుండేది. ఆవిడ నేను కొట్టేసిన చుక్కల పట్టిక ముందు పెట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"ఇక్కడ మబ్బు అని రాశావు. ఆ రోజు పక్క నక్షత్రాలు కూడా మసకబారాయా?"

"లేదు మేడం."

"మబ్బు వస్తే వెలుగు తగ్గాలి కదా అమ్మా. ఇక్కడ పెరిగిందేమిటి?"

నేల చీలితే దూరిపోదామన్నంత సిగ్గేసింది. ఆవిడ కొట్టేసిన చుక్కలన్నిటినీ మళ్ళీ గ్రాఫు మీదికి తెచ్చింది. ఒక ఉబ్బు. దాని తర్వాత ఇంకోటి. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎడం తక్కువ. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఇంకా తక్కువ. ఆవిడ వేలితో ఒక్కో ఉబ్బునూ తడుతూ పోయింది. ఆ వేలు పోనుపోను త్వరత్వరగా పడింది.

"ఇది బయటి తప్పు కాదు. లోపల ఏదో ఉంది, తిరుగుతోంది," అంది.

పేలుడు తర్వాత నక్షత్రం గుండెకాయ కుంగిపోయి ముద్దగా మిగిలి ఉంటుందని వివరించింది. సూర్యుడికంటే ఎక్కువ బరువు, వెడల్పు చూస్తే మా కంది నుంచి పటాన్‌చెరు రోడ్డంత. విపరీతమైన అయస్కాంతం. సెకనుకు వందల చుట్లు తిరుగుతుంది. దాన్ని మాగ్నెటార్ అంటారు. తిరగడంలో ఉన్న శక్తిని చుట్టూ ఉన్న శిథిలాలకు పోసేస్తూ, తాను మెల్లగా నెమ్మదిస్తుంది. మేం చూస్తున్న వెలుగంతా అదే. పేలుడులో బయటికి పోలేక వెనక్కి పడిన పదార్థం దాని చుట్టూ ఒరిగిన పళ్ళెంలా చేరి ఉండొచ్చు. అంత బరువు అంత వేగంగా తిరిగితే చుట్టూ ఉన్న అంతరిక్షమే మెలిపడుతుంది. దాంతో ఆ పళ్ళెం బొంగరంలా ఊగుతుంది, ఊగినప్పుడల్లా వెలుగు ఉబ్బుతుంది. పళ్ళెం లోపలికి కుంచించుకుపోయేకొద్దీ ఊపు త్వరపడుతుంది. "ఇది ఊహే, ఇంకా తేల్చాలి," అంది. "కానీ నువ్వు చుక్కలు చెరిపేస్తే ఊహించడానికి కూడా ఏమీ మిగలదు."

ఆ మాట నన్ను తిన్నగా మా వరండాలోకి తీసుకెళ్ళింది. సంచీ తీసుకుని బయటికొచ్చి ఆటో ఎక్కాను.

ఇంటికి చేరేసరికి ఏడు కావస్తోంది. కరెంటు లేదు. అమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళింది. నాయిన చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గోడ మీద ఆ వారం గీతలు నాలుగైదు కనిపించాయి. నేను ఫోన్ టార్చి వేసి, గోడకు పక్కగా, దాదాపు ఆనించి పట్టుకున్నాను.

పాత గీతలన్నీ పైకి లేచాయి. బలపపు రాయి పదునుకు సున్నం మీద పడిన గాడిని తడిబట్ట ఏం చేస్తుంది? తెల్లటి రంగును మాత్రమే అమ్మ తుడిచింది. నెలల నాటి గీతలు సన్నటి నీడలతో వరసగా నిలబడ్డాయి. పక్కన తారీఖు, టైము, నాయిన వంకర అంకెలు. నేను మోకాళ్ళ మీద జరుగుతూ చదివాను. మొదట తొమ్మిది రోజుల ఎడం. తర్వాత ఏడు, తర్వాత నాలుగు. ఆ తర్వాత రోజు విడిచి రోజు. ఈ వారంలోనివి పూట పూటకు. చివరి రెంటికీ మధ్య గంటన్నర.

గొట్టంలో నీళ్ళు లేవని తమ్ముడు నాలుగుసార్లు చూశాడు. గీతలు అబద్ధం చెప్పడం లేదు. మరి కొడుతున్నది ఎక్కడ?

"లోపలికి పోదాం లే నాయినా," అని అతని చేయి పట్టుకున్నాను. పొద్దుగూకగానే వేసుకున్న మాత్ర మగతకు ఒళ్ళు బరువుగా ఉంది. లేవలేదు. "కూసో జెర. మల్ల వస్తది," అన్నాడు. పక్కన కూర్చున్నాను. మణికట్టు నా చేతిలోనే ఉంది. అవతల కంప్రెసర్ కూడా ఆగిపోయి ఉంది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వేళ్ళ కింద నాడి మెల్లగా, చాలా మెల్లగా కొడుతోంది.

తర్వాత కొట్టలేదు.

నా వేళ్ళు జారాయేమోనని సర్దుకున్నాను. ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. నాయిన తల కొద్దిగా పక్కకు వాలింది. నాలుగు. ఐదు. టార్చి వెలుగులో అతని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కానీ ఆ కళ్ళల్లో ఎవరూ లేరు. నేను బతికుండగా మరిచిపోలేని క్షణం అది. అప్పుడు నా వేళ్ళ కింద ధడ్‌మని ఒక్క దెబ్బ, ఒళ్ళంతా అదిరేలా, పడింది.

నాయిన వీపు గోడకు కొట్టుకుంది. రెప్పలు ఆర్పి, నావైపు తిరిగాడు.

"ఇగో," అన్నాడు. "ఇన్నవా?"

"ఇన్న నాయినా," అన్నాను. అని ఏడ్చాను.

ఆ రాత్రే తమ్ముడు బండి తెచ్చాడు. సంగారెడ్డి ఆసుపత్రిలో ఛాతీకి తీగలు తగిలించి, వాళ్ళు కంగారుపడి సిటీకి పంపారు. గుండె ఉండుండి ఆగిపోతోందట. ఆగి, మళ్ళీ అందుకున్నప్పుడు పడే మొదటి పోటే ఆయనకు దెబ్బలా తెలుస్తోందట. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ఆగింది మళ్ళీ అందుకునేది కాదన్నారు. భుజం కింద చర్మంలో అగ్గిపెట్టెంత యంత్రం పెట్టారు. గుండె మరిచిపోయినప్పుడల్లా అది గుర్తుచేస్తుంది.

ముప్పై ఏళ్ళు ఆవిరి గొట్టాలను వింటూ బతికిన మనిషి తన గుండెను కూడా గొట్టమే అనుకున్నాడు. తెలివొచ్చాక తమ్ముణ్ణి పిలిచి అడిగిన మొదటి మాట, "అంటే లైన్ల నిజంగనే నీళ్ళు లేవా?"

"లేవు నాయినా."

"మంచిగైంది తియ్," అన్నాడు. తన గుండె సంగతి ఆ తర్వాతే అడిగాడు.

ఏడాది పైన బతికాడు. గోడకు ఆనుకుని కూర్చోవడం మానలేదు. ఛాతీ మీద చేయి వేసుకుని, "గీడ లోపల ఒక ఆపరేటర్‌ను డ్యూటీకి పెట్టిండ్రు. టీకి గూడ పోడు," అని వచ్చినవాళ్ళతో వేళాకోళమాడేవాడు. గోడ మీద కొత్త గీత పడలేదు. అమ్మ శనివారం బట్ట తీసుకుని వచ్చేది. ఆ గోడ దగ్గరకు రాగానే వెనక్కి తిరిగేది.

ఆ వానాకాలం జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక పొద్దున వార్డులో నాయిన పోయాడు. కాగితాలు రాసే అతను తల ఎత్తకుండా అడిగాడు.

"కాలవెడ్తరా, బొందవెడ్తరా?"

"బొందనే. మేం చర్చోళ్ళం," అంది అమ్మ.

"అయితే మిషన్ తీసుడు అవసరం లేదు. కాలవెడితేనే పేలుతది."

అలా అది నాయినతోనే పోయింది. బ్యాటరీ ఎనిమిది పదేళ్ళు వస్తుందని పెట్టేటప్పుడు డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి గుంత పూడ్చేటప్పుడు నాకు గుర్తొచ్చింది, పక్కనున్న ఎవరితోనూ అనలేకపోయాను.

మా సూపర్‌నోవా అప్పటికే టెలిస్కోపుకు అందనంతగా మసకబారిపోయింది. లోపలిది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుందని మేడం అంది. మనకు కనపడకపోవడానికీ అది ఆగిపోవడానికీ సంబంధం లేదు.

మొన్న ఈస్టర్ తెల్లవారుజామున అందరితోపాటు మేమూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళాం. పాటలు అయిపోయి జనం ఇళ్ళకు మళ్ళారు. అమ్మ నాయిన సమాధి పక్కన కూలబడి, సిమెంటు మీద అరచేయి ఆనించింది. ఫ్యాక్టరీలవైపు నుంచి ఘాటు వాసన మోస్తూ గాలి వచ్చింది.

"గా మిషన్ ఇంకా నడుస్తుందా బిడ్డా?" అని అడిగింది. ఎన్నాళ్ళ నుంచి మనసులో పెట్టుకుందో.

"నడుస్తనే ఉంటదమ్మా. ఏండ్లు నడుస్తది."

అమ్మ అరచేత్తో సిమెంటు నిమిరింది.

"నాడు ఆయన మొత్తుకుంటే ఇనలేదు, బట్ట పట్టుకొని తుడిచిన," అంది. తర్వాత వంగి, మంచుకు తడిసిన సిమెంటుకు చెవి ఆనించి పడుకుంది. నేను లేపలేదు. నేనూ పక్కన వంగి చెవి పెట్టాను. ఎండ ఎక్కేదాకా ఇద్దరం వింటూనే ఉన్నాం.